లెటర్ లేకుండా అవుట్‌సోర్సింగ్ ఉద్యోగానికి తిరగడం దండగేనా? తిరుపతి, చిత్తూరు వాళ్లు చెప్పండి

కొర్లగుంట కుర్రోడు:

అన్నలూ అక్కలూ, మొహమాటం లేకుండా చెప్పండి. మా అక్క బీకాం కంప్యూటర్స్, తర్వాత పీజీడీసీఏ, టైపింగ్ తెలుగు ఇంగ్లీషు రెండూ హయ్యర్ పాసైంది. తిరుపతిలోనే ఒక ప్రభుత్వ ఆఫీసులో డేటా ఎంట్రీ ఆపరేటర్లను అవుట్‌సోర్సింగ్‌లో తీసుకుంటున్నారని ఎవరో చెబితే బయోడేటా పట్టుకుని వెళ్లింది. అక్కడ సీటులో ఉన్నాయన కాగితం చేతిలోకి కూడా తీసుకోలేదంట. "ఎవరి తరఫున వచ్చినావమ్మా" అని అడిగినాడంట. ఎవరి తరఫునా కాదు సార్, ఖాళీలున్నాయంటే వచ్చాను అంటే, ఎమ్మెల్యే ఆఫీసు నుంచో నియోజకవర్గ ఇన్‌చార్జి దగ్గర నుంచో లెటర్ తెచ్చుకో, అది లేకుంటే ఇక్కడ ఇచ్చినా ఒకటే ఇవ్వకపోయినా ఒకటే అన్నాడంట. తిట్టలేదు, కసురుకోలేదు, శ్రీకాళహస్తి బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఆగుతుందో చెప్పినంత మామూలుగా చెప్పినాడంట. అక్కకు ఎక్కువ మండింది అందుకే.

పేపర్లో ప్రకటన లేదు, జిల్లా వెబ్‌సైట్లో లేదు, ఆఫీసు నోటీసు బోర్డు మీద కూడా లేదు. మా నాన్నేమో మన వీధిలోనే పార్టీ ఆయన ఉన్నాడు కదా, రెండు పళ్లు తీసుకెళ్లి అడిగితే పోయేదేముంది అంటాడు. అక్క ససేమిరా అంటోంది. ఇంట్లో అన్నం దగ్గర కూడా ఇదే గొడవ. నోటిఫికేషన్ లేకుండా ఇట్లా తీసుకోవచ్చా? లెటర్ తెచ్చుకుంటే తప్పా? అసలు లెటర్ లేకుండా ఎవరికైనా వచ్చిందా? ఏ పార్టీ మంచిది అనే చర్చ మాత్రం వద్దు, అది వేరే చోట పెట్టుకోండి.

పలమనేరు పెద్దబ్బ:

తమ్ముడూ, నీకు ఆశ్చర్యం ఎందుకు వచ్చిందో నాకు ఆశ్చర్యంగా ఉంది. తిరుపతిలో పుట్టి లెటర్ అంటే ఏంటని అడుగుతున్నావు. బ్రేక్ దర్శనానికి ఎమ్మెల్యే లెటర్, రూముకి లెటర్, బంధువులు హైదరాబాద్ నుంచి దిగితే ముందు అడిగేది లెటర్ దొరుకుతుందా అనే. చిన్నప్పటి నుంచి అది చూస్తూ పెరిగిన వాళ్లం ఉద్యోగానికి లెటర్ అడిగితే తప్పని ఎట్లా అనుకుంటాం? కొండ మీద టీటీడీ పాలకమండలే చూడు, 2021లో 25 మంది సభ్యులు చాలరని ఇంకో 50 మందిని ప్రత్యేక ఆహ్వానితులుగా వేస్తూ జీవో ఇస్తే హైకోర్టు ఆపాల్సి వచ్చింది. పైన అన్ని కుర్చీలు మనోళ్లకే వేసుకుంటుంటే కింద డేటా ఎంట్రీ కుర్చీ మీ అక్క కోసం ఖాళీగా పెడతారా?

మీ నాన్న చెప్పిందే కరెక్ట్. లెటర్ తెచ్చుకోండి. ముందు లోపలికి వెళ్తే తర్వాత ఎప్పుడో పర్మినెంట్ అవుతుంది.

చిత్తూరు రిటైర్డ్ సూపరింటెండెంట్:

పైన రాసినాయన చివరి మాట వల్లే చాలామంది పిల్లల వయసు దాటిపోయింది. నేను సర్వీసులో ఎక్కువ భాగం ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లోనే, అంటే ఉద్యోగుల నియామకాల ఫైళ్లు చూసే చోటే ఉన్నాను కాబట్టి ఫైలు ఎట్లా నడుస్తుందో చెబుతాను. రొంత పొడవవుతుంది, ఓపిక పట్టండి.

రెగ్యులర్ పోస్టు అంటే దానికి శాంక్షన్ ఉండాలి, రోస్టర్ పాయింట్, అంటే రిజర్వేషన్ వరసలో అది ఎవరి వంతో ఉండాలి, ప్రకటన ఉండాలి. 1996లోనే సుప్రీంకోర్టు మన కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ కేసులో ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజ్ నుంచి పేర్లు తెప్పించుకుంటే సరిపోదు, పేపర్లో కూడా వేసి అందరికీ తెలిసేలా పిలవాలి అని చెప్పింది. అంతకు ముందే 1994లో మన రాష్ట్రంలో చట్టం వచ్చింది, దినకూలీ పేరుతో ఎవరిని పడితే వాళ్లను పెట్టుకోవడం నిషేధిస్తూ. ఎందుకు వచ్చిందంటే అప్పటికే ఆఫీసుల నిండా ఎన్‌ఎంఆర్‌లు, అంటే మస్టర్ మీద దినకూలీకి పనిచేసే వాళ్లు, ప్రతి అధికారి తన వంతుగా నలుగురిని చేర్చి బదిలీ అయిపోయేవాడు. 1993 నవంబర్ 25 నాటికి ఐదేళ్లు నిండిన వాళ్లను క్రమబద్ధీకరించడానికి 212 జీవో ఇచ్చారు. మా తరంలో 212 అంటే తెలియని గుమస్తా లేడు. ఆ జీవో కథలు వినే జనం ఈరోజుకీ "ముందు లోపలికి వెళ్లు" అంటున్నారు. ఆ తలుపు మూసి చాలా కాలమైంది. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దొడ్డిదారిన వచ్చిన వాళ్లకు పర్మినెంట్ అడిగే హక్కు లేదని తేల్చేసింది. శాంక్షన్ ఉన్న పోస్టులో, అర్హతలు ఉండి, కోర్టు స్టేల అండ లేకుండా పదేళ్లు చేసిన వాళ్లకు మాత్రం ఒక్కసారికి చూడమంది.

2023లో మన రాష్ట్రం చేసిన క్రమబద్ధీకరణ చట్టం కూడా కాంట్రాక్టు వాళ్ల కోసం, అదీ 2014 జూన్ 2 నాటికి పనిలో ఉన్న వాళ్ల కోసం. అవుట్‌సోర్సింగ్ దాని కిందికి రాదు. ఈ రెండింటికీ తేడా తెలియకుండానే చాలామంది చేరిపోతుంటారు.

ఇక అవుట్‌సోర్సింగ్ సంగతి. ఇక్కడ లెక్క ఏంటంటే ప్రభుత్వం మనిషిని నియమించడం లేదు, ఏజెన్సీ దగ్గర సేవ కొంటోంది. కాబట్టి ఇది నియామకం కాదు, కాబట్టి నోటిఫికేషన్ అక్కర్లేదు అని వాదన. పద్ధతి ప్రకారం ఆఫీసు ఇండెంట్ పెట్టాలి, అంటే ఇంతమంది కావాలని రాసి పంపాలి, ఏజెన్సీ మనుషుల్ని పంపాలి. జరిగేది తలకిందులు. ముందు పేర్లు వస్తాయి, తర్వాత ఇండెంట్ తయారవుతుంది. 2020లో అవుట్‌సోర్సింగ్ వాళ్ల కోసం ప్రభుత్వమే ఆప్కాస్ అనే కార్పొరేషన్ పెట్టినప్పుడు దళారీ ఏజెన్సీలు పోతాయి, జీతం కోత లేకుండా నేరుగా ఖాతాలో పడుతుంది అన్నారు. జీతం విషయంలో మేలు జరిగింది, కాదనను. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు 50 శాతం అని రాసుకున్నారు, అదీ మంచిదే. కానీ ఆ 50లో ఎవరు, మిగతా 50లో ఎవరు అనేది మాత్రం లెటర్ దగ్గరే ఆగింది.

ఇంకో మాట, ఆ లెటర్ ఎప్పుడూ ఫైల్లో ఉండదు. ఫైల్లో ఉండేది "అర్హతలు పరిశీలించి" అనే ఒక్క వాక్యం. సంతకం పెట్టిన అధికారి ఎవరి ఒత్తిడితో పెట్టాడో ఎక్కడా కనపడదు. మీ అక్కతో మాట్లాడినాయన మీద నాకు కోపం లేదు, ఆయన ఉన్న విషయం చెప్పాడు. ఆ కుర్చీలో నేనున్నా చెప్పి ఉండేవాడినేమో, కాస్త మర్యాదగా.

కొర్లగుంట కుర్రోడు:

సార్ థ్యాంక్యూ. కాంట్రాక్టు వేరు అవుట్‌సోర్సింగ్ వేరు అనేది మా నాన్నకు ఇప్పుడే చదివి వినిపించాను. "ఏదైనా గవర్నమెంటే కదా" అన్నాడు. ఏం చేయాలో మీరే చెప్పండి.

మాజీ వాలంటీర్ పీలేరు:

మీ నాన్నకు నా సంగతి చెప్పు తమ్ముడూ.

2019లో మా ఊళ్లో ఒకే సచివాలయం బిల్డింగులో రెండు రకాల వాళ్లం చేరాం. ఒకరు సెప్టెంబరులో రాతపరీక్ష రాసి అక్టోబర్ 2 నుంచి డ్యూటీలోకి వచ్చిన వాళ్లు. రాష్ట్రమంతా లక్షా ఇరవై వేలకు పైగా పోస్టులు, ఇంటర్వ్యూ లేదు, మార్కులే. రెండోది నాలాంటి వాలంటీర్లం. మాకు పరీక్ష లేదు, మండలాఫీసులో ఇంటర్వ్యూ అన్నారు, లోపల నలుగురు కూర్చుని మీ నాన్న పేరేంటి, నవరత్నాలు చెప్పు అని అడిగారు. నా పేరు ముందే ఖాయమని మా ఊరి నాయకుడు అంతకు ముందు రోజే మా అమ్మకు చెప్పాడు. నెలకు 5,000 గౌరవ వేతనం. పని మాత్రం తక్కువేం కాదు, ఒకటో తేదీ పొద్దున్నే ముసలోళ్ల ఇళ్లకు పోయి పింఛను ఇచ్చేవాళ్లం, కరోనాలో జ్వరాల సర్వే మేమే చేశాం. ఎవరైనా మమ్మల్ని పార్టీ కార్యకర్తలు అంటే ఒళ్లు మండేది. కానీ ఎట్లా చేరామో మాకు తెలుసు, ఊరికీ తెలుసు.

2024లో ప్రభుత్వం మారింది. ఆ వ్యవస్థే నిలిచిపోయింది. పరీక్ష రాసి వచ్చిన వాళ్లు మాత్రం ఇప్పటికీ ఉద్యోగంలో ఉన్నారు. వాళ్లను ఏ ప్రభుత్వమూ కదపలేదు, మహా అయితే బదిలీ చేస్తుంది. ఒకే బిల్డింగు, ఒకే సంవత్సరం. నాకు ఇప్పుడు వయసు పెరిగింది, ఆ ఐదేళ్లలో చదివి ఉంటే అనేది వేరే బాధ, అది వదిలేయండి.

ఇది ఒక్క పార్టీ సంగతి కాదు. అంతకు ముందు ఐదేళ్లు జన్మభూమి కమిటీ సంతకం లేకుండా పింఛను అర్జీ కదిలేది కాదు. ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్లు, బడుల్లో మధ్యాహ్న భోజనం వండే ఏజెన్సీలు, ఇవన్నీ ప్రభుత్వం మారగానే మారిపోతుంటాయి, మా మండలంలో ప్రతిసారీ చూస్తున్నాం. వంట చేసే ఆమెకు ఏ పార్టీ అయితే ఏంటప్పా, సాంబారు రుచిలో పార్టీ కనపడుతుందా? లెటర్‌తో వచ్చినోళ్లను ఇంకో లెటర్ తీసేస్తుంది.

రుయా రోడ్డు ల్యాబ్ టెక్నీషియన్:

లెటర్ లేకుండా వచ్చిందా అని అడిగారు కదా, నాకొచ్చింది. వైద్య శాఖలో, కాంట్రాక్టు పద్ధతిలో. అక్కడ జిల్లా స్థాయిలో నోటిఫికేషన్ ఇస్తారు, వెబ్‌సైట్లో పెడతారు. చదువులో మార్కులకు 75 శాతం, పాసై ఎన్నేళ్లైందో చూసి ఏడాదికి ఒకటి చొప్పున 10 మార్కుల దాకా, అంతకు ముందు కాంట్రాక్టులోనో అవుట్‌సోర్సింగ్‌లోనో చేసిన సర్వీసుకు 15 దాకా. తర్వాత ప్రొవిజనల్ మెరిట్ లిస్టు పెట్టి అభ్యంతరాలకు టైమిస్తారు. నా మార్కుల్లో ఒక సంవత్సరం తప్పుగా వేశారు, రాసిస్తే సరిచేశారు. ఎవరినీ పట్టుకోలేదు. ఎవరిని పట్టుకోవాలో కూడా తెలియదు నాకు, అది వేరే విషయం.

అయితే ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఆ 15 మార్కులు ఉన్నాయే, అవి ఇప్పటికే లోపల పనిచేస్తున్న వాళ్లకు వస్తాయి. మారుమూల పీహెచ్‌సీలో కోవిడ్ టైంలో ప్రాణాలకు తెగించి చేసిన వాళ్లకు వస్తే సంతోషమే, వాళ్ల హక్కు అది. కానీ మొదట లెటర్‌తో అవుట్‌సోర్సింగ్‌లో దూరిన వాళ్లకు కూడా అవే మార్కులు వస్తాయి. అంటే మొదటిసారి సిఫార్సు, రెండోసారి అదే సిఫార్సు "అనుభవం" అయి మెరిట్ లిస్టులో కూర్చుంటుంది. అప్పుడిక ఎవరూ వేలెత్తి చూపలేరు, కాగితం మీద అంతా పద్ధతిగానే ఉంటుంది. మా బ్యాచ్‌లో నాకంటే మార్కులు ఎక్కువున్న అమ్మాయి ఇట్లాగే వెనకపడింది.

మీ అక్కకు చెప్పండి, జిల్లా వెబ్‌సైట్లో రిక్రూట్‌మెంట్ పేజీ వారం వారం చూడమనండి. వైద్య శాఖ ప్రకటనల్లో డేటా ఎంట్రీ పోస్టులు కూడా పడుతుంటాయి. తిరుపతి, చిత్తూరు రెండు జిల్లాలవీ చూడాలి, 2022లో విడిపోయాక ప్రకటనలు విడివిడిగా వస్తున్నాయి. లోకల్ రూలు ఏంటో మాత్రం ప్రతి నోటిఫికేషన్‌లో చదువుకోవాలి.

పుత్తూరు కారుణ్యం:

అందరూ సిఫార్సు గురించే మాట్లాడుతున్నారు. వారసత్వం సంగతి ఎవరూ ఎత్తరేం? ఆఫీసుల్లో చూడండి, అటెండర్ కొడుకు అటెండర్, క్లర్కు కోడలు టైపిస్టు. గుళ్లో, యూనివర్సిటీలో, ఎక్కడ చూసినా అదే. నా ఐడీ చూసి నవ్వొద్దు, నాది కారుణ్య నియామకమే. మా నాన్న సర్వీసులో ఉండగా పోయాడు. నేను డిగ్రీ పాసై జూనియర్ అసిస్టెంట్‌గా వచ్చాను. మా ఆఫీసులో ఒకాయన నన్ను "తేరగా వచ్చినోడు" అంటాడు. సూపరింటెండెంట్ గారూ, మీరు చెప్పండి, నాదీ ఆ లెటర్ ఉద్యోగం లాంటిదేనా?

చిత్తూరు రిటైర్డ్ సూపరింటెండెంట్:

కాదు నాయనా. నీది జీవో ప్రకారం వచ్చింది, 1977 నుంచి ఉన్న పద్ధతి. సంపాదించే మనిషి పోయి ఇల్లు కూలిపోతే నిలబెట్టడానికి పెట్టింది. ఎవరికి రావాలో, ఎంత లోపు అర్జీ పెట్టాలో రాసి ఉంది, ఆ షరతులకు సరిపోయిన ఎవరికైనా వస్తుంది. అది కూడా హక్కు కాదు, మినహాయింపు అని సుప్రీంకోర్టు 1994లో చెప్పింది. దొంగ సర్టిఫికెట్లు పెట్టి దాన్ని వాడుకున్న వాళ్లు ఉన్నారు, వాళ్ల పాపం నీ నెత్తిన వేసుకోవద్దు.

వారసత్వం వేరు. మన జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలం నుంచి 1895 నాటి చట్టం ఒకటి ఉండేది, దాని ప్రకారం ఊరి అధికారి మునసబు కొడుకే మునసబు. గుంటూరు జిల్లా నుంచి ఒకాయన దాని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1960 డిసెంబరులో తీర్పు వచ్చింది, మునసబు పదవి కూడా ప్రభుత్వ ఉద్యోగమే, పుట్టుకను బట్టి ఇవ్వడం రాజ్యాంగం 16వ అధికరణానికి విరుద్ధం అని. అయినా ఊళ్లలో కరణం, మునసబుల పెత్తనం పోవడానికి 1984లో ఎన్టీఆర్ ఆర్డినెన్స్ దాకా ఆగాల్సి వచ్చింది. మన కొండ మీద మిరాశీలు, అంటే అర్చకుల వారసత్వ హక్కులు కూడా అంతే, 1987 చట్టంతో రద్దు చేస్తే కేసులు నడిచి 1996లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆచారం తెలిసిన కుటుంబాలను అన్యాయం చేశారని బాధపడే వాళ్లు ఉన్నారు, వాళ్ల మాటలోనూ కొంత న్యాయం ఉంది. నేను చెప్పేది కరణాలు పోయారు గానీ ఆ కరణాన్ని ఎవరు వేయాలి అనే అధికారం మాత్రం ఎవరూ వదులుకోలేదు అని.

పలమనేరు పెద్దబ్బ:

సార్, చరిత్ర బాగుంది. ఈ నెల ఇంటి బాడుగ ఎవరు కడతారు? ఆ పిల్ల లెటర్ తెచ్చుకోకపోతే ఇంకో పిల్ల తెచ్చుకుంటుంది. వ్యవస్థ ఏమీ మారదు. నిజాయతీగా ఉండమని చెప్పడం పెన్షన్ వచ్చే వాళ్లకు సులువు.

చిత్తూరు రిటైర్డ్ సూపరింటెండెంట్:

పెన్షన్ మాట నిజమే, ఒప్పుకుంటా. లెటర్ తెచ్చుకున్న పిల్లను నేను తప్పు పట్టను. అడిగే వాళ్లనే పడతాను. కానీ తెచ్చుకునేటప్పుడు రేపు అది పోతుందని తెలిసి తెచ్చుకోమంటున్నా.

చిత్తూరు కోర్టు దగ్గర:

ఒక్క విషయం ఎవరూ అడగలేదు. డబ్బేమైనా అడిగారా? లెటర్ ఊరికే రాదు చాలాచోట్ల. అడిగితే మాత్రం మీ నాన్నగారికి గట్టిగా చెప్పండి. నాకు పలుకుబడి ఉంది, చెప్పి పని చేయిస్తాను అని డబ్బు తీసుకునే మధ్యవర్తి కూడా అవినీతి నిరోధక చట్టం 7ఏ కింద ముద్దాయే, మూడు నుంచి ఏడేళ్ల జైలు. 2018 సవరణ తర్వాత ఇచ్చిన వాళ్లు కూడా నేరస్తులే. బలవంతం మీద ఇస్తే ఏడు రోజుల్లో పోలీసులకో ఏసీబీకో చెప్పాలి, అప్పుడే రక్షణ. ఇంటి కాగితాలు తాకట్టు పెట్టి ఇచ్చి, ఉద్యోగం రాక, డబ్బు తిరిగి రాక, కేసు పెట్టాలంటే తామూ ఇరుక్కుంటామని భయపడే వాళ్లు మా దగ్గరికి వస్తుంటారు. చేతిలో కాగితం ముక్క ఉండదు.

ఇక సమాచార హక్కు, అదే ఆర్టీఐ. పెట్టండి, కానీ తెలివిగా. "మా అక్కకు ఎందుకు ఇవ్వలేదు" అని అడగొద్దు, దానికి జవాబు ఇవ్వాల్సిన పని లేదు వాళ్లకు. కాపీలు అడగండి. ఆ ఆఫీసులో అవుట్‌సోర్సింగ్‌కు మంజూరైన పోస్టుల ఉత్తర్వు కాపీ, గత ఏడాదిలో పంపిన ఇండెంట్ల కాపీలు, చేరిన వాళ్ల పేర్లు, హోదా, విద్యార్హత, చేరిన తేదీ, ఏ రోస్టర్ ప్రకారం, ప్రకటన ఇచ్చి ఉంటే దాని కాపీ. చివర్లో ఇంకొకటి చేర్చండి, ఈ పోస్టుల కోసం ప్రజాప్రతినిధుల నుంచి వచ్చిన సిఫార్సు లేఖల కాపీలు, ఇన్‌వార్డ్ రిజిస్టర్‌లో ఆ ఎంట్రీలు. లేవు అంటారు. లేవు అని సంతకం పెట్టి ఇవ్వడమే మనకు కావాలి. ఉద్యోగుల జాబితా, వాళ్ల నెల జీతం ఆ చట్టం 4(1)(బి) కింద ఎవరూ అడగకుండానే బయట పెట్టాల్సినవి, కాబట్టి వ్యక్తిగత సమాచారం అని తప్పించుకోవడం అంత సులువు కాదు. జిల్లా ఆఫీసుకైతే ఫీజు 10 రూపాయలు, మండలాఫీసుకు 5, పంచాయతీకి ఏమీ లేదు. దారిద్ర్యరేఖ కింద ఉన్న వాళ్లకు ఎక్కడా లేదు, రుజువు జత చేస్తే చాలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే అదే ఆఫీసు పై అధికారికి మొదటి అప్పీలు, అదీ కాకపోతే 90 రోజుల్లోపు కమిషన్‌కు.

దీంతో మీ అక్కకు ఆ ఉద్యోగం వస్తుందని నేను చెప్పను. వచ్చే అవకాశం తక్కువే. కానీ రేపటి ఇండెంట్ మీద సంతకం పెట్టే అధికారి, ఎవరో కాపీలు తీసుకున్నారని తెలిస్తే ఒక నిమిషం ఆలోచిస్తాడు. మా అనుభవంలో అధికారులకు కోర్టు కంటే ఆడిట్ కంటే ఆర్టీఐ కాగితం అంటేనే చిరాకు.

రుయా రోడ్డు ల్యాబ్ టెక్నీషియన్:

అర్జీ అక్క పేరుతో పెట్టొద్దేమో. తర్వాత నిజంగా నోటిఫికేషన్ వస్తే అదే ఆఫీసుకు వెళ్లాలి కదా. ఆడపిల్ల పేరు పట్టుకుని మాట్లాడతారు.

చిత్తూరు కోర్టు దగ్గర:

మంచి మాట. ఆర్టీఐకి ఏ పౌరుడైనా చాలు, సంబంధం ఏంటో చెప్పక్కర్లేదు. తమ్ముడి పేరుతో పెట్టండి.

కొర్లగుంట కుర్రోడు:

నా పేరుతోనే పెడతా. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంది కదా, అక్కడ కూడా ఒక అర్జీ ఇద్దామని అనుకుంటున్నాం, ఈ పోస్టులకు ప్రకటన ఇవ్వమని మాత్రమే, ఎవరి పేరూ రాయకుండా. డబ్బు ఎవరూ అడగలేదు ఇప్పటిదాకా. నాన్న మాత్రం ఇంకా పార్టీ ఆయన ఇంటికి పోదామనే అంటున్నాడు. అక్క డీఎస్సీ వాళ్లను చూడు, 2025లో 16,347 టీచరు పోస్టులకు పరీక్ష పెట్టే కదా తీసుకున్నారు అంటే, నువ్వు బీఈడీ చేసినావా అంటున్నాడు. దానికి అక్క దగ్గర జవాబు లేదు. గ్రూప్ టూ పుస్తకాలు తెప్పించుకుంటానంటోంది.

మాజీ వాలంటీర్ పీలేరు:

కొత్తవి కొనొద్దు, నా దగ్గర గ్రూప్ టూ పుస్తకాలు ఉన్నాయి, రొంత పాతవి, కరెంట్ అఫైర్స్ తప్ప మిగతావి పనికొస్తాయి. మెసేజ్ పెట్టు. పీలేరు బస్సులో ఎవరైనా వచ్చేవాళ్లుంటే పంపిస్తా.

చిత్తూరు రిటైర్డ్ సూపరింటెండెంట్:

సోమవారం అర్జీ ఇచ్చాక రసీదు నంబరు తీసుకోకుండా కౌంటర్ దగ్గర నుంచి కదలొద్దు. "పరిష్కరించబడినది" అని మూసేస్తే మళ్లీ తెరిపించాలంటే ఆ నంబరే ఆధారం. ఆర్టీఐది స్పీడ్ పోస్టులో పంపు, రసీదు జాగ్రత్త.